పొగమంచులో పొగ ఎవరిది?

పోయిన డిసెంబరులో మా వైపు ఒక ఊళ్లో సాహిత్య సభ జరిగింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల నుంచి రాసేవాళ్లు, చదివేవాళ్లు 80 మంది దాకా వచ్చారు. అందులో ఆడవాళ్లం 11 మందిమి. ఈ లెక్క ఎందుకు గుర్తుందంటే, భోజనాల దగ్గర "అమ్మా, మీరు కాస్త వడ్డనకు సాయం పడతారా" అని నిర్వాహకులు పిలిస్తే లేచింది మేం 11 మందిమే.

భోజనాలయ్యాక ఒక పెద్ద విమర్శకుడు మాట్లాడారు. తెర మీద ఒక బొమ్మ చూపించారు. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మొనే వేసిన బొమ్మ. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డు, మంచులో మునిగిన పార్లమెంటు భవనం. "చూడండి, ఇందులో ఒక్క గీత స్పష్టంగా లేదు. ఆ భవనం ఎవరిది, ఆ నది ఏది అని మీరు అడగరు. అంతా మంచు. కళ అంటే ఇది. మన ఆడవాళ్ల రాతల్లో లేనిది కూడా ఇదే. అన్నిటికీ పేర్లు పెట్టి చెప్పేస్తారు. వంటిల్లంటారు, మొగుడంటారు, నెత్తురంటారు, కులమంటారు. కాస్త మసక నేర్చుకోండమ్మా" అన్నారు. సభ నవ్వింది, చప్పట్లు కొట్టింది. మేం 11 మందిమీ ఏమీ అనలేదు. పాతికేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి, "ప్రశ్నించండి" అని బోర్డు మీద రాసిన నేను కూడా అనలేదు. టీ తాగి బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ రోజు అనని మాటలే ఇవి.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఆ బొమ్మ నాకిష్టం. నేను చూసింది పుస్తకాల్లోనే, అసలుది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. ఊదారంగు గోపురాలు, వాటి వెనక నుంచి చీల్చుకొచ్చే నారింజ వెలుగు, ఆ వెలుగే నీళ్ల మీద ముక్కలు ముక్కలుగా తేలడం, ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. నా తగాదా బొమ్మతో కాదు. దాన్ని తెచ్చి మా నోటికి అడ్డం పెట్టినవాళ్లతో.

ఇంతకీ ఆ మంచు ఏమిటి? మన భాషలో దానికి మంచి మాటుంది, పొగమంచు. విమర్శకుడు అరగంట సేపు మంచు, మంచు అన్నారు గాని ఒక్కసారీ పొగమంచు అనలేదు. మొనే 1899, 1900, 1901లో వరసగా మూడుసార్లు లండన్ వెళ్లాడు. అప్పటి లండన్ గాలి నిండా బొగ్గు పొగ. రైళ్లది, ఫ్యాక్టరీలది, లక్షల ఇళ్ల పొయ్యిలది. ఆ సంగతి మొనేకి బాగా తెలుసు. 1900 మార్చిలో ఒక ఆదివారం భార్య ఆలిస్‌కు ఉత్తరం రాస్తూ, పొద్దున లేచేసరికి మంచు జాడ లేదని, బొమ్మలన్నీ పాడయినట్టేనని బెదిరిపోయానని చెప్పాడు. తర్వాత కొద్దికొద్దిగా పొయ్యిలు వెలిగాయని, పొగా మంచూ తిరిగొచ్చాయని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ పొయ్యిలు ఎవరు వెలిగించారు? ఇంటివాళ్లు నిద్రలేవకముందే లేచి, నిన్నటి బూడిద ఎత్తిపోసి, బొగ్గు మోసుకొచ్చి నిప్పు రాజేసింది పనిమనుషులు. ఆ కాలపు ఇంగ్లండులో కూలికి పనిచేసే ఆడవాళ్లలో అందరికంటే ఎక్కువమంది చేసింది ఇళ్లల్లో చాకిరీయే. వాళ్లలో చాలామంది చిన్న వయసు పిల్లలు. మొనే సవాయ్ హోటల్ బాల్కనీలో నిలబడి ఎదురుచూసిన పొగలో వాళ్ల చేతుల కష్టం ఉంది. తెల్లారకముందే లేచి పొయ్యి ఊదిన ఏ పాలమూరు ఆడదానికైనా ఈ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు. కళ్లు మండితేనే తెలుస్తుంది అది పొగో మంచో.

ఇంకో సంగతి. పార్లమెంటు బొమ్మలు మొనే హోటల్ నుంచి వేయలేదు. నదికి ఇవతలి ఒడ్డున సెయింట్ థామస్ ఆసుపత్రి ఉంది. 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరున నర్సుల బడి మొదలైంది ఆ ఆసుపత్రిలోనే. అనుమతి తీసుకుని దాని వరండాలో ఈజిల్ పెట్టుకుని ఆయన వేశాడు. అంటే చిత్రకారుడి కళ్లెదుట పొగమంచు, వీపు వెనక ఆసుపత్రి. ఆ పొగను పీల్చినవాళ్లు చేరేదీ అటువంటి ఆసుపత్రుల్లోనే. 1952 డిసెంబరులో అదే లండన్‌ను అదే పొగమంచు అయిదు రోజులు కమ్మేస్తే 4,000 మంది చనిపోయారని మొదట లెక్క వేశారు. తర్వాతి పరిశోధకులు 12,000 దాకా ఉంటారన్నారు. గాలి శుభ్రత కోసం చట్టం వచ్చింది 1956లో. 2023లో ఇద్దరు శాస్త్రవేత్తలు టర్నర్, మొనే బొమ్మలను కొలిచి చూసి, వాటిలోని మసక ఆనాటి గాలిలో పెరిగిన కాలుష్యంతో పాటు నడిచిందని తేల్చారు. విమర్శకుడు ఏమీ చెప్పని బొమ్మ అన్నారే, ఆ బొమ్మ గాలిలో ఎంత పొగ ఉందో చెప్పేంత కచ్చితంగా ఉంది!

ఇది నాకు ముఖ్యం. మొనే మసకేయలేదు. మసకను చూసి, దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడానికి చచ్చేంత పాటు పడ్డాడు. వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మారుస్తూ నూరు దాకా మొదలుపెట్టాడు. ఇంటికి తీసుకెళ్లి ఏళ్ల తరబడి దిద్ది, 1904లో పారిస్‌లో 37 మాత్రమే ప్రదర్శనకు పెట్టాడు. మా గద్వాల చీరలాంటి పని అది. దూరం నుంచి చూస్తే నూలు ఒంటిలోంచి పట్టు అంచు తనంతట తాను పుట్టినట్టు ఉంటుంది. దగ్గరికెళ్తే ఆ రెండూ కలిసేచోట ఒక్కొక్క పోగునూ పట్టి కలిపిన చేతులు కనిపిస్తాయి. దూరం నుంచి చూసి "ఆహా, ఎంత నునుపు" అనడం కొనేవాళ్ల పని. నేసేవాళ్లకు, ఇంట్లో కూర్చుని కండెలు చుట్టే ఆడవాళ్లకు పోగుల లెక్క తప్పదు.

"ఆ భవనం ఎవరిదని అడగరు" అన్నారు. మేం అడుగుతాం. మొనే ఆ బొమ్మలు వేస్తున్ననాటికి ఆ భవనంలో ఒక్క స్త్రీ సభ్యురాలు లేదు. ఇంగ్లండు స్త్రీలకు పార్లమెంటు ఓటు లేదు. 1918లో కొందరికి వచ్చింది, మగవాళ్లతో సమానంగా రావడానికి 1928 దాకా పట్టింది. చర్చలు వినడానికి వచ్చే ఆడవాళ్లను పైన ఒక గ్యాలరీలో ఇనప జాలీ వెనక కూర్చోబెట్టేవారు. లోపల కూర్చున్న మగవాళ్ల బుద్ధి చెదరకుండా! 1908లో ఓటు కోసం పోరాడుతున్న ఇద్దరు స్త్రీలు ఆ జాలీకి తమను గొలుసులతో కట్టేసుకున్నారు. చివరికి దాన్ని తీసేసింది 1917లో. కాబట్టి ఆ భవనాన్ని మసకగా చూడడం ఆడవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. లోపల కూర్చున్నా జాలీ సందుల్లోంచే చూశారు.

నది ఒడ్డున ఒంటరిగా, ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడగలిగిందెవరు? 1874 నాటి మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలోనే తన బొమ్మలు పెట్టిన బెర్త్ మొరిసో మొనేకి ఏ విధంగానూ తీసిపోదు. ఆమె బొమ్మల్లో ఎక్కువగా ఉండేవి ఇంటి వసారా, తోట, ఊయల, బాల్కనీ. ఆమెకు నదులు ఇష్టంలేక కాదు. ఆమె తరగతి ఆడదానికి తోడు లేకుండా నగరంలో తిరగడం మర్యాద కాదు గనక. చూసే కన్ను ఎక్కడ నిలబడగలదో స్త్రీ పురుష భేదం నిర్ణయించిందని గ్రిసెల్డా పొలాక్ 1988లోనే రాసింది. మన దగ్గరా అంతే. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరున గ్యాలరీ ఉంది, ఉండాల్సిందే. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. మనలో ఎంతమందిమి వాళ్ల బొమ్మ ఒక్కటైనా గుర్తు చేసుకోగలం?

ఇక మా నది దగ్గరికి వస్తాను. అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

కృష్ణ మా మూడు జిల్లాలనూ ఒరుసుకుంటూ పోతుంది. జూరాల, బీచుపల్లి, అలంపురం దాటాక తుంగభద్రను కలుపుకుని సోమశిల వైపు వెడల్పవుతుంది. చలికాలం పొద్దున వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సు బీచుపల్లి వంతెన ఎక్కితే కిటికీలోంచి నది కనిపించదు, తెల్లటి ఆవిరి తప్ప. సోమశిల దగ్గర ఇంకా అందం. నల్లమల కొండలు, మధ్యలో సముద్రమంత నీళ్లు, పైన మంచు. ఇప్పుడక్కడ కాటేజీలున్నాయి, లాంచీలున్నాయి, ఫోటోలు తీసుకునే జంటలున్నారు.

2008లో నేనూ అక్కడికి వెళ్లి ఒక కవిత రాశాను. నది మీద మంచు, మంచులో ఒంటరి పడవ, పడవలో నా ఏకాంతం. విమర్శకుడు చూసి ఉంటే మెచ్చుకునేవారు, అంత మసకగా ఉంది. అంతకు ముందు సంవత్సరం జనవరిలోనే మంచాలకట్ట దగ్గర అదే నదిలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. నా కవితలో పడవ ఉంది గాని వాళ్లు లేరు. కాలేజీ వార్షికోత్సవంలో చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరూ వెళ్లాక హాలు ఊడుస్తున్న మా స్వీపరక్క దగ్గరికొచ్చి అడిగింది.

"మంచు శాన మంచిగున్నదని సదివిండ్రు మేడం. గా మంచుకింద మా తల్లిగారూరున్నది, మీకు తెల్వదా?"

నాకు తెలీదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా. శ్రీశైలం ప్రాజెక్టు గురించి తెలుసు, 1981 వేసవిలో ఇళ్లు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారని తెలుసు, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరు దాకా ఊళ్లు, లక్షమందికి పైగా జనం అని తెలుసు. ఆ నూట్లో ఒక ఊరు నా గది ఊడ్చే మనిషి పుట్టిల్లని తెలీదు.

"నా పెండ్లయిన మరుసటేడే ఊరు మునిగింది. మా అన్నకు పైసలొచ్చినయి. నాకేమొచ్చింది మేడం? కాన్పుకు పోనీకె ఊరు లేకపాయె. మొగడు కొడితె అలిగి పోనీకె ఊరు లేకపాయె. ఎండకాలం నీళ్లు తగ్గితే పోయి సూసొస్త. గోడలు కనవడ్తయి. మా ఇల్లు యాడనో గుర్తువడ్త."

నేను చాలా పుస్తకాలు చదివాను. పునరావాసం మీద సెమినార్లలో కూర్చున్నాను. ఎక్కడా ఈ మాట వినలేదు. పరిహారం పట్టాదారుకు వస్తుంది, ఇంటి యజమానికి వస్తుంది. భూమి పట్టా ఆడదాని పేరున ఎన్ని ఇళ్లల్లో ఉంటుంది? పెళ్లయి పోయిన ఆడపిల్ల అసలు లెక్కలోకే రాదు. ఆమె ఊరు విడిచిపోయింది గనక ఆమెకు ఊరు పోలేదట! 1986లో వచ్చిన 98వ నెంబరు జీవో ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అంది. కుటుంబం అంటే ఎవరు? కొడుకు. 2013 నాటి భూసేకరణ చట్టం వితంతువులనూ విడాకులు పొందినవాళ్లనూ కుటుంబం వదిలేసినవాళ్లనూ వేరే కుటుంబాలుగా గుర్తించింది, సంతోషం. అత్తారింట్లో ఉన్న కూతురు మాత్రం ఆ చట్టానికీ కనిపించదు. ఒక ఆడదానికి పుట్టిల్లంటే సారె, పండగ ఒక్కటే కాదు. దెబ్బలు తిన్నరోజు వెళ్లి తలుపు కొట్టగలిగిన ఇల్లు. ఆ తలుపు మునిగిపోతే కాపురంలో ఆమె బేరం ఎంత పడిపోతుందో ఏ ప్రాజెక్టు నివేదికలోనూ కాలమ్ లేదు.

అదే సమయంలో రాళ్లను మాత్రం జాగ్రత్తగా లెక్కపెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, నెంబర్లు వేసి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లనూ మార్చారు. గుళ్లను కాపాడొద్దని నేననను, ఆ శిల్పుల పని కూడా మన వారసత్వమే. ఒక్కటే అడుగుతున్నాను. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో రాసిపెట్టుకోగలిగినవాళ్లు, ఏ మనిషి పక్కన ఏ మనిషి ఉండేదో ఎందుకు రాసిపెట్టుకోలేదు? మాదిగవాడ ఎక్కడికి పోయింది, బెస్తలు ఏ గుడిసెల్లో పడ్డారు, అక్క ఈడు ఆడపిల్లలు ఎంతమంది పుట్టిల్లు లేనివాళ్లయ్యారు? "ముంపు ప్రాంతం", "నిర్వాసితులు", "జాతి ప్రగతి" అన్నారు. మసకంటే ఇదీ. ఇందులో ఎవరూ ఎవరినీ ముంచరు, అన్నీ వాటంతటవే మునుగుతాయి.

కళ నివేదిక కాదు కదా అని అడుగుతారని తెలుసు. నిజమే, కాదు. మన పెద్దలు ధ్వని అన్నారు కదా అని కూడా అంటారు. అన్నారు. ఆనందవర్ధనుడు వాచ్యార్థాన్ని పారేయమనలేదు. వెలుగు కావాలనుకున్నవాడు ముందు దీపం సంగతి చూసుకోవాలన్న పోలిక ఆయనదే. మా విమర్శకులకు దీపం వద్దు, వెలుగు మాత్రం కావాలి. అంతకంటే సూటిగా చెప్పాలంటే, చెప్పాల్సినవి చాలాసార్లు చెప్పేసి, అందరికీ తెలిసిపోయిన బతుకు ఉన్నవాళ్లకు సూచన చాలు. మగవాడి విరహాన్ని ఒక్క మబ్బుతో సూచించవచ్చు, దాని వెనక వెయ్యేళ్ల కావ్యాలున్నాయి. కాన్పు నొప్పిని దేనితో సూచించాలి? అంతకు ముందు ఎవరు వర్ణించారని? కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్" రాస్తే, విమల "వంటిల్లు" రాస్తే, జయప్రభ "పైటను తగలెయ్యాలి" రాస్తే నీలి కవిత్వం అని తిట్టారు. 1993లో "నీలిమేఘాలు" వచ్చాకా ఆ గొణుగుడు ఆగలేదు. 1986లో "మనకు తెలియని మన చరిత్ర"లో సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు పేర్లూ ఊళ్లూ చెప్పి మాట్లాడితేనే కదా ఆ పోరాటంలో ఆడవాళ్లకు ఏం దక్కిందో మనకు తెలిసింది. "నల్లపొద్దు", "నల్లరేగటి సాల్లు" వచ్చినప్పుడు ఈసారి మసక వదిలించుకోవాల్సింది అగ్రకుల స్త్రీవాదులమైన మనం. "స్త్రీ" అన్న ఒక్క మాట కింద ఎన్ని ఊళ్లు ముంచేశామో అప్పుడు గాని కనిపించలేదు. కాబట్టి ఈ తగాదా మగవాళ్లతో మాత్రమే అని నేను తప్పించుకోను. సోమశిల కవిత రాసింది నేనే. హాలు ఊడ్చింది అక్కే.

ఆ కవితను నా పుస్తకంలో చేర్చలేదు. రెండేళ్ల తర్వాత అక్కతో వేసవిలో ఆ ఒడ్డుకు వెళ్లాను. ఎండిన బురదలో నడుస్తూ చెయ్యి చాచి చూపించింది. ఇది బొడ్రాయి, ఇది మేం నీళ్లు ముంచుకున్న రేవు, ఇది మా అవ్వ పొయ్యి పెట్టుకున్న మూల, ఇది చింతచెట్టు మొద్దు. మళ్లీ రాశాను, ఇవన్నీ పేర్లు పెట్టి. చదివిన ఒక మిత్రుడు "ఇది కవితలా లేదు, జాబితాలా ఉంది" అన్నాడు. ఉండనీ. గుడి రాళ్లకు వేసిన నెంబర్లను ఎవరూ జాబితా అని వెక్కిరించలేదు.

వచ్చే డిసెంబరులో మళ్లీ సభ పెడతారట. ఆ విమర్శకుడు వస్తారట. మొనే బొమ్మను మళ్లీ చూపించమనే నేను అడుగుతాను. పొగ ఎక్కడిదో, వీపు వెనక ఆసుపత్రి ఏదో, ఆ భవనంలో జాలీ వెనక ఎవరున్నారో కూడా ఈసారి మేం చెబుతాం. ఆ తర్వాత కృష్ణ మీద మంచు ఫోటో ఒకటి పెడతాం. దాని కింద ఏముందో చెప్పడానికి అక్కను తీసుకొస్తాను. వేదిక మీద ఆమెకు ఒక కుర్చీ వేయించండి, మైకు ఆమె ఎత్తుకు సరిచేయండి.

భోజనాలు మాత్రం ఈసారి మీరు వడ్డించండి.